బీడీ ముక్క చెప్పిన కళ్ళు

2009లో, జాతరకు ఇంకా నెల ఉందనగా, చిత్తూరు జిల్లా సదుం దగ్గరి ఓ పల్లెలో ధర్మకర్త గంగాధరం పొద్దున్నే గుడి తెరిచాడు. గంగమ్మ వెండి కిరీటాన్ని చింతపండుతో తోమిద్దామని ఆయన ఆలోచన. పెట్టె ఉంది, కిరీటం లేదు. పెట్టె పక్కన ఎవరో కాల్చి పారేసిన బీడీ ముక్క ఉంది.

దొంగ ఎవరో ఊరికి క్షణంలో తెలిసిపోయింది. గుడి ఊడ్చే మారప్పవి పిల్లికళ్ళు. అలాంటివాణ్ణి నమ్మకూడదని పెద్దలు ఊరికే అన్నారా? జాతరలో దివిటీ పట్టే హక్కు తాతల నాటి నుంచి మారప్ప ఇంటిది. ఈసారి దాన్ని ముట్టుకోవద్దని గంగాధరం చెప్పేశాడు. మారప్ప భార్య సరోజమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఎస్సై సురేంద్రకు మాత్రం సాక్ష్యం కావాలి. బీడీకి అంటిన ఎంగిలిలోని డీఎన్ఏను బట్టి తాగినవాడి కళ్ళ రంగు చెప్పే ల్యాబు బెంగళూరులో ఉందని ఆయన విన్నాడు. ఆ మాట గంగాధరానికి తెగ నచ్చింది. ఏ రంగు తేలితే ఆ రంగు కళ్ళున్న మగవాళ్ళందరూ పోలిక చూడడానికి రక్తం ఇస్తారని తానే అర్జీ రాసి, ఊరందరి చేతా సంతకాలు పెట్టించాడు.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఎస్సై దాన్ని గుడి ముందు నిలబడి చదివాడు. తాగింది మగవాడు. కళ్ళు ముదురు గోధుమరంగు. పిల్లికళ్ళు అయ్యే అవకాశం దాదాపు లేదు.

మగవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. అన్నీ ఆ రంగే.

"మారప్ప ఒక్కడు తప్ప అందరూ రక్తమియ్యాల. రేపు పొద్దున్నే డాక్టరు వస్తాండాడు," అన్నాడు ఎస్సై, అర్జీ తీసి చూపిస్తూ.

ఆ సాయంత్రం ఊళ్ళో అద్దాలకు తీరిక లేదు. ఎండలో నిలబడితే తన కళ్ళు కాస్త పచ్చగానే కనిపిస్తాయని అంగడి మునస్వామి వాదించాడు. గంగాధరం తన అవ్వవి పిల్లికళ్ళేనని మొదటిసారి బయటపెట్టాడు. రైతు అంకయ్యకు ఉన్నట్టుండి కుప్పంలో ఏదో పెళ్ళి గుర్తొచ్చింది.

తెల్లారి డాక్టరు రాకముందే కిరీటం గుడి గడప మీద కూర్చుని ఉంది. అంతా అమ్మ మహిమ అన్నారు. సొమ్ము దొరికింది కాబట్టి కేసు వద్దని గంగాధరం ఇంకో అర్జీ రాశాడు. దానికి అడక్కుండానే సంతకాలు పడ్డాయి.

తర్వాత ఆయన గుడి తాళంచెవి తెచ్చి మారప్ప చేతిలో పెట్టాడు. "నువ్వే పెట్టుకోప్పా. ఈ ఊర్లో దొంగ కాదని తేలినోడివి నువ్వొకడివే."

మారప్ప తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. "నా కండ్లు మీ మాదిరే ఉండింటే నా గతేంది సామీ?"

గంగాధరానికి నిజంగానే సిగ్గేసింది. జాతరలో దివిటీ నువ్వే పట్టాలన్నాడు.

ఆ ఏడు దివిటీ మారప్పే పట్టాడు. దొంగ ఎవరని మాత్రం ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగినవాడు ముందు తన రక్తం ఇవ్వాలి మరి.