గంటలో హైదరాబాదు

గన్నవరం నుంచి శంషాబాదుకు ఆకాశంలో రెండొందల అరవై కిలోమీటర్లు, గంట ప్రయాణం. నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపే వీరాంజనేయులు ఈ లెక్కను వారం రోజులుగా కొట్టుకు వచ్చిన ప్రతి రైతుకూ అప్పజెప్పాడు. మిర్చి తెగులుకు మందు అడిగినవాడు కూడా ముందు విమానం వేగం విని తీరాల్సిందే. ఆయనకిది మొదటి విమానం. సోమవారం మనవరాలు సాయిసాత్విక పుట్టినరోజు. తాతయ్య విమానంలో దిగుతున్నాడనీ, తనే ఎదురెళ్ళి తీసుకొస్తాననీ ఆ పిల్ల బడంతా చాటింది.

వారం ముందే కూతురింటికి చేరిన భార్య రాజ్యలక్ష్మి ఫోనులో అడిగింది. "హైదరాబాదు పడమరనుంటే తూర్పుకెళ్తారేందండీ? కార్లో అయితే ఐదు గంటల్లో వస్తారుగా."

ఆకాశంలో దిక్కులుండవని చెప్పి ఆయన ఫోను పెట్టేశాడు.

విమానం పదకొండున్నరకు. ఎనిమిదికి ఇంట్లోంచి కదలాలి. సోమవారం ఏడున్నర నుంచి రాహుకాలం. దానికి విరుగుడు ప్రస్థానం: ముందే మంచి గడియలో సామాను పొరుగింట పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే. ముఖ్యమైన వస్తువు ఉంటేనే ప్రస్థానం చెల్లుతుందని ఆయన బ్యాగులో ఆధార్ కార్డు కూడా పెట్టాడు. ఏడింటికి పక్కింటి ఖాతూన్ బీకి ఇచ్చి, హైదరాబాదు వెళ్ళాల్సిన బ్యాగని చెప్పి స్నానానికి వెళ్ళాడు.

ఆమె భర్త మౌలాలీ కార్ల మెకానిక్. బాగుచేసిన కారును హైదరాబాదులో యజమానికి అప్పగించడానికి ఆ పొద్దున్నే బయలుదేరుతున్నాడు. విమానంలో సామాను తూచి ఎక్కిస్తారని విన్నాడు కాబట్టి, బరువు తగ్గించుకోవడానికే వీరాంజనేయులన్న బ్యాగు తనకప్పగించాడనుకున్నాడు. కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చిన వీరాంజనేయులుకు, బ్యాగు ఎప్పుడో పంపించేశామని ఖాతూన్ బీ సంతోషంగా చెప్పింది. ఆయన గుమ్మంలోంచే మౌలాలీకి ఫోను చేశాడు.

"ఒరేయ్ నాయనా, అందులో నా ఆధారుందిరా. అది లేకపోతే విమానం ఎక్కనియ్యరు."

మౌలాలీ అప్పటికి రాజుపాలెం చేరాడు. అక్కడే ఆగమని చెప్పి ఆయన ఆటో ఎక్కాడు. కానీ చేసిన పనికి నొచ్చుకున్న మౌలాలీ ఆగలేకపోయాడు. ఎదురెళ్తే అన్నకు శ్రమ తప్పుతుందని కారు వెనక్కి తిప్పాడు. పత్తి లోడు ట్రాక్టరును దాటే హడావుడిలో ఆటోను చూడనేలేదు. తొమ్మిదింటికి ఆయన రాజుపాలెంలో, మౌలాలీ నరసరావుపేటలో తేలారు. మళ్ళీ ఇద్దరూ కలిసేసరికి పదయింది. ఇక గన్నవరం అందదు.

"పిల్లకు నా మొహం ఎట్లా చూపించాలిరా?" అన్నాడు వీరాంజనేయులు.

"ఎక్కన్నా. ఇదీ హైదరాబాదే పోతది," అన్నాడు మౌలాలీ.

నిజం చెప్పే ధైర్యం లేక ఆయన దారి పొడుగునా ఫోను కట్టేసే ఉంచాడు. పిల్ల ఏడ్చి ఇంటికెళ్ళిపోయి ఉంటుందని అనిపించినా, ముందు విమానాశ్రయానికే పోనిమ్మన్నాడు. రెండున్నరకు అక్కడ దిగి చూస్తే, ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర సాయిసాత్విక కొత్త గౌనుతో నిలబడే ఉంది. పక్కనే రాజ్యలక్ష్మి.

"తాతయ్యా, నీ విమానం లేటంట. ఇంకా గన్నవరంలోనే ఉందంట. నువ్వెట్లా వచ్చేశావు?"

వీరాంజనేయులు నోరు తెరిచేలోపే మౌలాలీ అందుకున్నాడు.

"మీ తాతకు అంత ఓపికెక్కడిదమ్మా. నువ్వు నిదానంగా రావే అని దానికి చెప్పి వచ్చేశాడు."

విమానాన్నే ఓడించిన తాతయ్యను చూసి పిల్ల గంతులేసింది. రాజ్యలక్ష్మి మాత్రం భర్త చొక్కాకంటిన ఆటో దుమ్ము చూసి, పిల్ల ముందు ఏమీ అడగకుండా కొంగుతో దులిపింది. ఇంటికి పోదామంటే సాయిసాత్విక ససేమిరా అంది. విమానం ఓడిపోయి రావడం కళ్ళారా చూడాల్సిందేనంది.

నాలుగింటికి అది దిగింది. వీరాంజనేయులు మనవరాలిని భుజానెక్కించుకుని, తను రావాల్సిన విమానానికి తనే దగ్గరుండి స్వాగతం పలికాడు.