కోడలు కలిపిన వైన్

ఆ ఉదయం ఓడిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రెపిల్ల తొడకి వెల్లుల్లి, థైమ్ ఆకు పట్టించి పొయ్యిలో పెట్టాలి. మధ్యాహ్నం మదాం ఫాబ్రెగ్ రాగానే కొత్త వైన్‌తో వడ్డించాలి. ఊళ్ళో భోజనశాల నడిపే ఆవిడకి వైన్ నచ్చిందా, ఏడాదంతా ఆవిడ బల్లల మీద అదే. నచ్చలేదా, పీపాలన్నీ సహకార సంఘం తొట్టిలోకి పోయి ఊరందరి వైన్‌లో కలిసిపోతాయి. ఇంటి పేరుతో సీసా ఇక ఉండదు. మామగారు ఎవారిస్ట్ వసంతంలో పోయాక ఓడిల్ సొంతంగా కలిపిన మొదటి వైన్ అది.

రుచి చూద్దామని నేలమాళిగలోకి దిగింది. బయట మిస్త్రాల్ గాలి తలుపుని గోళ్ళతో గీరుతున్నట్టు ఉంది. రుచికి పెట్టిన పీపాలోంచి గాజుగొట్టంతో ఒక గుక్క తీసి నోట్లో వేసుకుంది.

నిన్న ఆమె వదిలి వెళ్ళింది మెత్తటి వైన్. గ్రెనాష్ ద్రాక్షరసం వంతు ఎక్కువ, పండిన చెర్రీల వాసన, గొర్రెపిల్ల మాంసానికి సరిజోడు. ఇప్పుడు నాలుక మీద మిరియాలు, పొగ, తడిసిన తోలు. అచ్చం మామగారి వైన్. ముర్వెద్ర్ ద్రాక్షరసం దండిగా పోస్తే తప్ప ఆ రుచి రాదు. పోయేముందు ఆయన ఆఖరిసారి కళ్ళు తెరిచి అన్న మాట ఒకటే: "నా వైన్‌ని మెత్తన చెయ్యకే అమ్మాయ్."

"నువ్వు కాదు కదా, మామయ్యా?" అంది ఓడిల్ చీకటితో.

గబగబా ఒక కూజా గ్రెనాష్ రసం ఆ పీపాలో పోసి పైకి పరిగెత్తింది. కాసేపాగి దిగి చూస్తే మిరియాల ఘాటు ఇంకా పెరిగింది. ఆ ఘాటుకి గొర్రెపిల్ల ఏం నిలుస్తుంది? పొరుగింటి వేటగాణ్ణి బతిమాలి అడవిపంది మాంసం తెచ్చి ఉడకేసింది. మళ్ళీ గ్రెనాష్ పోసింది. ఈసారి మెత్తబడింది. గొర్రెపిల్లని మళ్ళీ పొయ్యిలో పెట్టింది. మరోసారి దిగేసరికి పొగ, తోలు.

అంతలో భర్త మార్సియాల్ వంటింట్లోకి వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఒసేయ్, నేలమాళిగలోకి వెళ్ళావా?"

"లేదే. నువ్వు?"

"నేనెందుకు వెళ్తాను! అక్కడ నాన్న పొగాకు వాసన వస్తోందే."

"వెళ్ళకుండానే తెలిసిందా?"

"మెట్ల దాకా వచ్చింది," అని అతను తప్పుకున్నాడు.

మదాం ఫాబ్రెగ్ గుమ్మంలోనే కొవ్వొత్తి అడిగింది. "పోసిచ్చిన గ్లాసుని నేను నమ్మనమ్మా. పీపాలోంచి నేనే తీసుకుంటా, పద."

దిగారు. పీపా వెనక ఎవారిస్ట్ పొడుగు కోటు, ఎవారిస్ట్ టోపీ వంగి ఉన్నాయి. చేతిలో కూజా. ఓడిల్ కెవ్వుమంది. అంతకు రెట్టింపు అరిచి, ఆ ఆకారం కూజా జారవిడిచింది. టోపీ కింద ముఖం మార్సియాల్‌ది.

"నువ్వటయ్యా!"

"చలికి నాన్న కోటు వేసుకున్నానే! నిన్న సాయంత్రం చూస్తే నీ వైన్ జామ్ కలిపిన నీళ్ళలా ఉంది. పరువు పోతుందని కాస్త ముర్వెద్ర్ పోశా. పోసినప్పుడల్లా మళ్ళీ మెత్తబడుతోంది. నాన్న నామీద అలిగాడనుకున్నా!"

"మెత్తబరిచింది నేను! నీ బుర్రకి బిరడా బిగించాలి!"

మదాం వాళ్ళని పట్టించుకోలేదు. ఒక గ్లాసు నింపుకుని పైకెళ్ళి కూర్చుంది. గొర్రెపిల్ల ఒక ముక్క, ఒక గుక్క. అడవిపంది ఒక ముక్క, ఇంకో గుక్క. ముందు చెర్రీ, వెనకే మిరియం, ఆఖర్న సన్నటి పొగ.

"రెండిటికీ కుదిరింది," అంది. "నాకే కావాలి. కానీ ఏటా ఇదే రుచి ఉండాలి."

ఓడిల్ అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"ఒకటే అర్థం కాలేదు," అంది మదాం మూతి తుడుచుకుంటూ. "గాలి తగిలితే పులుస్తుందని పీపాని గొంతుదాకా నింపే ఉంచుతాం కదా. మీరిద్దరూ పొద్దుటినుంచీ పోస్తూనే ఉన్నారు. ఒక్క చుక్క పొర్లలేదు. మరి అంత వైన్ తీసిందెవరు?"

మార్సియాల్ ఓడిల్ వంక చూశాడు. ఓడిల్ మార్సియాల్ వంక చూసింది.

"నేను కాదు," అన్నారిద్దరూ.

"అంటే ఈ పాళ్ళు తెలిసినవాడు ఒక్కడే," అంది మదాం.

ఓడిల్ లేచి అల్మారాలోంచి నాలుగో గ్లాసు తెచ్చి బల్ల మీద మామగారు కూర్చునే చోట పెట్టింది.