మొసలిగారి ఫొటో

అనగనగా అడవి అంటే చిన్న అడవి కాదు. అందులో ఒక డిగ్రీ కాలేజీ, దానికో పాలకమండలి, ఆ మండలికి మూడు ఉపసంఘాలు ఉండేంత పెద్ద అడవి.

ఆ ఏడాది కాలేజీలో కొత్త కోర్సు పెట్టారు. పేరు ‘డిజిటల్ గ్రాఫిక్స్, మల్టీమీడియా డిజైన్: తొలి పరిచయం’. పక్క అడవి కాలేజీలో పెట్టారని తెలిసి ప్రిన్సిపాల్ ఏనుగుగారు వారం తిరక్కుండా ఇక్కడా పెట్టించారు. ఆరు కంప్యూటర్లు వచ్చాయి. వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పైన దుప్పట్లు కప్పి, గదికి తాళం వేశారు.

పాఠం చెప్పడానికి ఎవరూ దొరకలేదు. వృక్షశాస్త్రం చెప్పే మేక మేడంను పిలిపించారు.

“నాకు కంప్యూటర్ రాదు సార్” అంది మేడం.

“ఆకులకు రంగులుంటాయి కదా మేడం. గ్రాఫిక్స్ అన్నా రంగులే” అన్నారు ప్రిన్సిపాల్.

మేడం ఒప్పుకుంది.

కోర్సులో పద్నాలుగు మంది చేరారు. పదముగ్గురు సర్టిఫికెట్ కోసం చేరారు. సిరిచుక్క అనే దుప్పి పిల్ల ఒక బొమ్మ కోసం చేరింది.

అడవి మధ్యలో ఒక ఏరు ఉంది. ఏటికి ఒకటే రేవు. రేవులో మొసలి కాపురం ఉంటోంది. గట్టు మీద ‘ప్రమాదం. ఇచ్చట మొసలి కలదు’ అని అక్షరాల బోర్డు పాతారు. దుప్పులకు చదువు రాదు. అవి ఆ బోర్డుకు వీపు గోక్కుని నీళ్లలోకి దిగేవి. కిందటి ఎండాకాలం అలా దిగినవాళ్లలో ఐదుగురు తిరిగి రాలేదు. ఐదో ఆమె సిరిచుక్క సొంత అక్క.

సిరిచుక్క తన మందలో అక్షరాలు నేర్చుకున్న మొదటి పిల్ల. తమవాళ్లకు నోటితో చెప్పింది. కానీ ఎండలు ముదిరాక కొండల మీది మందలన్నీ ఆ రేవుకే దిగుతాయి. వాటన్నిటికీ ఎవరు చెబుతారు? చదువు రానివాళ్లు కూడా చూడగానే వెనక్కి తిరిగే బొమ్మ ఒకటి అక్కడ ఉండాలి. ఆ బొమ్మ ఎలా వెయ్యాలో నేర్చుకుందామని ఆ పిల్ల రోజూ మూడు కోసులు నడిచి కాలేజీకి వచ్చేది.

మొదటి రోజు మేక మేడం నోట్సు చెప్పింది.

“రాసుకోండి. పిక్సెల్ అనగా చిత్రములోని మిక్కిలి చిన్న చుక్క. కింద గీత గీసుకోండి. పరీక్షకు తప్పకుండా వస్తుంది.”

“మేడం, బొమ్మ ఎప్పుడు వేస్తాం?” అని సిరిచుక్క అడిగింది.

“ప్రాక్టికల్స్‌లో వేస్తారు. తొందరెందుకు?”

ప్రాక్టికల్స్ రోజు అందరూ గిట్టలు, గోళ్లు కడుక్కుని ల్యాబు వరండాలో వరసగా నిలబడ్డారు. ల్యాబు ఇన్‌చార్జి ఉడుముగారు వచ్చి, తలుపు తియ్యకుండా కిటికీ తెరిచారు.

“అదిగో, అవే కంప్యూటర్లు. బాగా చూసుకోండి.”

“లోపలికి వెళ్లమా సార్?”

“వెళ్తే ముట్టుకుంటారు. ముట్టుకుంటే పాడవుతాయి. పాడైతే సంతకం పెట్టింది నేను” అన్నారు ఉడుముగారు.

అందుకని ప్రాక్టికల్స్ రికార్డు పుస్తకంలో చేశారు. పక్క అడవి కాలేజీ నుంచి ఒక పాత రికార్డు తెప్పించి, దాన్ని చూసి పద్నాలుగు మందీ దించుకున్నారు. గీతలున్న కుడి పేజీలో ఉద్దేశం, విధానం, ఫలితం. తెల్లగా ఉన్న ఎడమ పేజీలో స్కేలు, పెన్సిలు పెట్టి కంప్యూటర్ తెర బొమ్మ. అందులో ముప్పై రెండు గుర్తులు. కుంచె గుర్తు ఒక్కటి గీయడానికి సిరిచుక్కకు గంట పట్టింది. పాత రికార్డు మీద ఎవరో టీ ఒలకబోసినట్టున్నారు, తెర మూలన గుండ్రటి మరక ఉంది. అదేం గుర్తో మేడంకూ తెలియదు. పద్నాలుగు మందీ ఆ మరకను కూడా శ్రద్ధగా గీసి, లోపల లేత గోధుమరంగు పూశారు. గీయనివాళ్లకు రెండు మార్కులు తగ్గించారు.

ఇలా ఆర్నెల్లు గడిచాయి.

అప్పుడు మంత్రి చిరుతగారి నుంచి కబురు వచ్చింది. వచ్చే ఎన్నికల దాకా దుప్పులను ముట్టనని ఆయన సభలో మాట ఇచ్చి ఉన్నారు. తాను తినకుండా కడుపు మాడ్చుకుంటుంటే మధ్యలో మొసలి తినడం ఆయనకు నచ్చలేదు. రేవులో బొమ్మల బోర్డు పెట్టండి, గ్రాఫిక్స్ కోర్సువాళ్లే తయారు చెయ్యాలి, బాగుంటే కోర్సును మూడేళ్ల డిగ్రీ చేస్తాను అని ఆదేశించారు.

ఈ మాట విని సిరిచుక్క ఆనందం పట్టలేకపోయింది. ఆ సాయంత్రమే రికార్డులో ఒక ఎడమ పేజీ తీసి, మొసలిని తాను చూసింది చూసినట్టు వేసింది. తెరిచిన నోరు. రెండు వరసల పళ్లు. పళ్ల మధ్య చుక్కల కాలు ఒకటి. మార్జిన్లు కొట్టే ఎర్ర పెన్సిలుతో నీళ్లకు రంగు పూసింది. పూస్తున్నంతసేపూ అక్క గుర్తొచ్చి ఏడుస్తూనే ఉంది.

మర్నాడు సమావేశం జరిగింది. ప్రిన్సిపాల్, మేక మేడం, ఉడుముగారు కూర్చున్నారు. నదుల తరఫున పాలకమండలి సభ్యుడైన మొసలిగారు కూడా తడి కండువా భుజాన వేసుకుని వచ్చారు. సిరిచుక్క తలుపు దగ్గరే నిలబడి తన బొమ్మ చూపించింది.

“ఈ బొమ్మ రికార్డులో ఏ ప్రయోగం కింద వస్తుందమ్మా?” అంది మేడం.

“ఏ ప్రయోగమూ కాదు మేడం. రేవు కోసం వేశాను.”

“మరి సిలబస్‌లో లేనిది ఎందుకు వేశావు?”

ప్రిన్సిపాల్ బొమ్మను దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. “బాగానే ఉంది. మంత్రిగారి ఫొటో ఎక్కడా?” అన్నారు.

“మంత్రిగారు నీళ్లలో ఉండరు కదండీ” అంది సిరిచుక్క.

గదిలో అందరూ ఇబ్బందిగా కదిలారు. మొసలిగారు మాత్రం మెత్తగా మాట్లాడారు.

“పిల్ల ఆవేశంలో వేసింది, నేనేమీ అనుకోను. హెచ్చరిక బోర్డు పెట్టాల్సిందే. నా బొమ్మ కూడా వెయ్యండి, ప్రజలకు తెలియాలి కదా. కాకపోతే ఈ ఎరుపూ అవీ మంత్రిగారు వచ్చే చోట అశుభం. నా ఫొటో నేనే పంపిస్తాను, అది వేసుకోండి.”

“ఎంత సంస్కారం!” అన్నారు ప్రిన్సిపాల్.

“వద్దండీ” అంది సిరిచుక్క. “మా అమ్మ, మా చిన్నమ్మ, వాళ్లంతా బొమ్మను చూసే నమ్ముతారండీ. ఇంకెలాంటి బొమ్మ పెట్టినా ప్రాణాలు పోతాయండీ.”

“ముందు నీ రికార్డు పూర్తి చేసి సంతకం పెట్టించుకో” అంది మేడం.

ఫొటో వచ్చింది. తెల్ల చొక్కా, ముందుకాళ్లు జోడించి నమస్కారం, మూసిన నోటితో చిరునవ్వు. ఇక బోర్డు తయారు చెయ్యాలి. కోర్సులో ఎవరూ కంప్యూటర్ ముట్టుకోలేదు కాబట్టి, ఉడుముగారు ఫొటోలన్నీ పట్టుకుని సంతలో కోతి ఫ్లెక్సీ షాపుకు వెళ్లారు. కోతి ఏ కోర్సూ చదవలేదు. రోజుకు ముప్పై ఫ్లెక్సీలు కొట్టేవాడు.

“ఏ మోడల్ సార్? పుట్టినరోజా, పార్టీలో చేరికా, సంతాపమా?” అని అడిగాడు కోతి.

“హెచ్చరిక.”

“ఆ మోడల్ లేదు సార్. ఎవరూ అడగరు. స్వాగతం ఉంది, వెయ్యమంటారా?”

ఉడుముగారు కాసేపు ఆలోచించారు. సంతాపం కంటే స్వాగతమే మర్యాదగా ఉంటుందనిపించింది.

ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ తయారైంది. పైన మంత్రి చిరుతగారు, పక్కన ప్రిన్సిపాల్, కింద వరసగా పాలకమండలి. మొసలిగారి ఫొటో ఒక్కటే ఎంత పెద్దది చేసినా చెదరకుండా స్పష్టంగా వచ్చింది. అందుకని కోతి దాన్ని నడిమధ్యలో నిలువెత్తున పెట్టి, చుట్టూ బంతిపూలు చల్లాడు. ‘రేవుకు విచ్చేయు అందరికీ హార్దిక స్వాగతం’ అని రాశాడు. పాత అక్షరాల బోర్డు పీకేసి, దాని గుంజలకే ఫ్లెక్సీ కట్టారు. ప్రారంభోత్సవం ఇంకా మూడు రోజులుంది.

ఆ మధ్యాహ్నమే దుప్పులు వచ్చి ఫ్లెక్సీ ముందు గుంపుగా నిలబడ్డాయి.

“ఎవరో కొత్తాయన వచ్చాడు, మొసలి పోయినట్టుంది. దణ్ణం పెడుతున్నాడు చూడు, పాపం” అంది సిరిచుక్క చిన్నమ్మ.

“చిన్నమ్మా, అదే మొసలి! అక్కను తిన్నది అదే!” అని సిరిచుక్క అడ్డం నిలబడింది.

“ఊరుకోవే. కాలేజీవాళ్లు అంత పెద్ద బొమ్మ పెట్టారంటే ఊరికే పెడతారా? వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?”

చిన్నమ్మ నీళ్లలోకి దిగింది. ఏరు ఒక్కసారి కదిలి ఊరుకుంది. గట్టు మీద ఆమె ఇద్దరు పిల్లలు అమ్మ వస్తుందని చూస్తూ నిలబడ్డారు.

సిరిచుక్కకు ఈసారి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. కాలేజీకి పరుగెత్తి, రికార్డులోంచి తన ఎడమ పేజీ చింపి తెచ్చి, తుమ్మజిగురు పూసి, ఫ్లెక్సీలో మొసలిగారి మొహం మీద అంటించింది. పేజీ చిన్నదే. కానీ మర్నాడు కొండల మీది నుంచి దిగిన మంద దాన్ని చూసి, పది అడుగుల దూరంలోనే ఆగి, వెనక్కి తిరిగింది. దాని వెనక వచ్చిన మంద కూడా తిరిగింది. రెండు రోజులు రేవులో ఎవరూ దిగలేదు, ఎగువన ఇసుకలో చెలమలు తవ్వుకుని తాగారు.

మూడో రోజు ప్రారంభోత్సవం. అందరికంటే ముందు వచ్చిన మేక మేడం ఆ పేజీ చూసి అదిరిపడింది.

“రికార్డు పేజీ చింపారా? దీనికి ఇంటర్నల్ మార్కులు మొత్తం తీసేస్తాను!”

పేజీ పీకింది. పారేద్దామంటే బుట్ట కనిపించలేదు. అలవాటు కొద్దీ నమిలి మింగేసింది.

మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. ఆయనను ఫ్లెక్సీ పక్కన నిలబెట్టి, కోతి తన ఫోనుతో ఫొటో తియ్యబోయాడు. అప్పుడు మేక మేడంకు తాను ఆర్నెల్లుగా చెప్పిన పాఠంలో ఒకటి చటుక్కున గుర్తొచ్చింది.

“ఆగండి సార్! చిత్రంలో ముఖ్యమైన వ్యక్తి మధ్యలో ఉండకూడదు, మూడో వంతులో ఉండాలి. రెండడుగులు వెనక్కి రండి.”

మంత్రిగారు ఏటి వైపు రెండడుగులు వెనక్కి వేశారు.

“ఇంకొక్కటి సార్. తోక కూడా అటు వదిలితే సమతూకం వస్తుంది.”

కోర్సు మొదలయ్యాక అందులో నేర్పింది ఎవరైనా ఆచరణలో పెట్టడం అదే మొదలు. మంత్రిగారి తోక నీళ్లలో పడింది. నీళ్లలో ఉన్న సభ్యుడు దాన్ని సగం దాకా తీసుకున్నారు. మంత్రిగారి కేక మూడు కొండలకు వినిపించింది. అతిథులంతా తలోదిక్కుకు పరుగెత్తారు. కోతి కంగారులో మీట నొక్కేశాడు కానీ ఫొటో చాలా చక్కగా వచ్చింది.

విచారణ సంఘం వేశారు. పాలకమండలి తరఫున మొసలిగారు కూడా అందులో సభ్యులు. వారం రోజులు కూర్చుని నివేదిక ఇచ్చారు: కాలేజీ బోర్డులో లోపం ఏమీ లేదు, సిరిచుక్క అనే విద్యార్థిని వికృతమైన బొమ్మ అంటించడం వల్ల మొసలిగారి మనోభావాలు దెబ్బతిన్నాయి, ఆ బాధలో ఆయన ఎవరి తోకో గమనించలేదు. మంత్రిగారు మిగిలిన తోకకు కట్టు కట్టించుకుని నివేదికను ఆమోదించారు. కోర్సును మూడేళ్ల డిగ్రీ చేశారు. కోతి తీసిన ఫొటోను తోక కనిపించకుండా కత్తిరించి ప్రాస్పెక్టస్ అట్ట మీద వేశారు.

ఫలితాలు వచ్చాయి. పదముగ్గురు ఫస్టు క్లాసు. సిరిచుక్క తప్పింది. ‘రికార్డు అసంపూర్ణం. ఒక ఎడమ పేజీ లేదు’ అని రాసి ఉంది.

ఆ రోజే సిరిచుక్క రేవుకు వెళ్లి, గట్టు మీది పెద్ద బండ కడిగి, ఎర్రమట్టి కలిపి, గిట్టతో ఆ మొసలిని మళ్లీ వేసింది. ఈసారి రెండు ఏనుగులంత పెద్దగా వేసింది. పళ్ల మధ్య కాళ్లు ఆరు వేసింది. మొసలిగారు నీళ్లలోంచి తల ఎత్తి, ఇది కాలేజీ అనుమతి ఉన్న బొమ్మేనా అని అడిగారు. ఆ పిల్ల వేస్తూనే ఉంది.

పొద్దుగూకే వేళకు మంద దగ్గరికి చేరింది.

“పరీక్ష ఏమైందే?” అని అడిగింది తల్లి.

“పోయిందమ్మా.”

తల్లికి బాధగానే ఉంది. ఆర్నెల్లు రోజూ మూడు కోసులు పిల్లను పంపింది మరి. తర్వాత లేచి, మేస్తున్న పిల్లల్ని ముక్కుతో తాకుతూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. చిన్నమ్మ పిల్లలిద్దరితో కలిపి పదకొండు మంది. నిన్నా పదకొండే. పిల్ల ఆ పేజీ రేవులో అంటించిన రోజు నుంచీ పదకొండే.

“పోతే పోయిందిలే. వచ్చి పడుకో” అంది.

నీతి: పరీక్ష పాసు కావాలనుకునేవారు మొసలిని నోరు మూసి నవ్వుతున్నట్టే గీయవలెను.