మెలికల ఏ, ఒకటి రెండు మూడు

“పాస్‌వర్డు ప్రాణంతో సమానం! ప్రాణం పోయినా పరులకు చెప్పరాదు!”

2016లో సైబర్ భద్రతా వారోత్సవాల బ్యానరు కింద నిలబడి మా తహసీల్దారు నరసింగరావు గారు ఇలా సెలవిచ్చారు. బంట్రోతు దాలయ్యను కాబట్టి ముందుగా చప్పట్లు కొట్టింది నేనే.

అయితే సారు కీబోర్డు ముట్టరు. టైపు కొట్టడం హోదాకు తక్కువట! అందుకని రోజూ పదింటికి గదిలోంచి కేకేసేవారు: “కొట్టమ్మా! నరసింగ! మొదటి ఎన్ను పెద్దది, మెలికల ఏ, ఒకటి రెండు మూడు!” హాల్లో కాంట్రాక్టు ఆపరేటరు ప్రిస్కిల్లా Narasinga@123 అని కొట్టేది. రాజాం బస్సు దిగి వచ్చిన జనం వరండా బెంచీల మీద కూచుని, వేరే పనిలేక, శ్రద్ధగా వినేవారు.

ఒక సోమవారం చూస్తే ఊరి శ్మశానం భూమి కంప్యూటర్లో ఎవరో సారా వ్యాపారి పేరున ఎక్కి కూచుంది. అదీ సారు లాగిన్‌తోనే!

విచారణకు రెవెన్యూ డివిజన్ ఆఫీసు నుంచి ధర్మేంద్ర గారు దిగారు.

“నా పాస్‌వర్డు నా భార్యకే తెలీదండీ!” సారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. “ఈ పిల్లే బయటపెట్టింది. తీసెయ్యండి!”

ప్రిస్కిల్లా కుర్చీలోంచి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న డయాలసిస్ ఆ జీతం మీదే నడుస్తోంది. నిజం తెలిసీ నేను నోరు మూసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పింఛను గుర్తొచ్చి అదీ తగ్గింది.

అప్పుడు వరండా బెంచీ మీంచి లేచి వచ్చింది గురమ్మ. పాసుపుస్తకం కోసం ఎనిమిది నెలలుగా తిరుగుతున్న వేలిముద్ర మనిషి.

“ఆ పిల్లనేటి అంతన్నారు బాబూ? నరసింగ, ఎన్ను పెద్దది, మెలికల ఏ, ఒకటి రెండు మూడు. నాకూ వచ్చు! బేంకుకీ అదే సెప్తారు, కరెంటు బిల్లుకీ అదే సెప్తారు. ఇంకోటి కొనుక్కోనేరేటి?”

వరండా అంతా గొల్లున నవ్వింది. ధర్మేంద్ర గారు మాత్రం నవ్వలేదు. గబగబా ఫోను తీసి, పక్కకు తిరిగి, తన పాస్‌వర్డు మార్చుకున్నారు.

వారానికి ఉత్తర్వు వచ్చింది: ఆపరేటరు నిర్దోషి. తహసీల్దారు నిర్దోషి. ప్రజల బెంచీలు కార్యాలయమునకు మరీ సమీపముగా ఉండుటయే లోపము. యాభై అడుగులు జరపవలెను. పాస్‌వర్డు మార్చవలెను.

బెంచీలు మోసి గేటు దగ్గర వేసిందీ నేనే. మర్నాడు పదింటికి సారు కొత్త పాస్‌వర్డు కేకేశారు. గేటు దగ్గర నుంచి గురమ్మ గొంతు వినిపించింది.

“బాబూ! మూడు తరవాత నాలుగు కూడా ఎట్టినారేటి? సరిగ్గా ఇనపళ్ళేదు, కూసింత గట్టిగా సెప్పండి!”

సారు మళ్ళీ, గట్టిగా చెప్పారు.