బంధుమిత్ర సపరివార సమేతంగా లెక్కల క్లాసు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి ఒకటే బడి ఉండేది. చదువు సంగతి ఎలా ఉన్నా, పిల్లలు మాత్రం వేళకు వచ్చేవారు కారు. కోతిపిల్లలు దారిలో మామిడిచెట్టు దాటి రాలేకపోయేవి. పందిపిల్లలు బురద కనబడిన చోటే ఆగిపోయేవి. తాబేలు పిల్ల నిన్నటి పాఠానికి ఇవాళ చేరేది.

లెక్కలు చెప్పే గాడిద గంభీరయ్య మాస్టారికి ఇదేమంత బాధగా ఉండేది కాదు. వచ్చినవాళ్లకు బడిలో చెప్పేవాడు, రానివాళ్లకు దారిలో ఎదురుపడినప్పుడు చెప్పేవాడు. కుందేలు పిల్ల దూదమ్మ ఒక్కతే చెప్పిన వేళకు వచ్చి, ముందు వరసలో చెవులు నిక్కించి కూర్చునేది. మాస్టారికి ఆ పిల్లంటే ప్రాణం.

ఇలా నడుస్తుండగా హెడ్మాస్టరు మయూరనాథం, అంటే నెమలి, పట్నం జూలో జరిగిన ఒక సదస్సుకు వెళ్లొచ్చాడు. అక్కడి జంతువులు వేళకు తిని, వేళకు పడుకుని, ఉన్నచోటే ఉండడం చూసి ఆయన మనసు కరిగిపోయింది. వచ్చీ రాగానే మీటింగు పెట్టి పురి విప్పాడు.

"ఇకమీదట బడిలో నోటిమాట చెల్లదు. ప్రతి క్లాసుకీ మెయిలు వెళ్తుంది. 'వస్తాను' అని నొక్కితే క్యాలెండర్లో చేరుతుంది. వేళకు ముందే ఫోను మోగుతుంది. ఇక ఆలస్యమన్న మాటే ఉండదు."

"పిల్లలకు ఫోనులెక్కడివండీ?" అన్నాడు గంభీరయ్య.

"తల్లిదండ్రులకు ఉన్నాయి కదా."

"వాళ్లు మెయిలు చూడకపోతే?"

"చూడమని ఇంకో మెయిలు పెడదాం."

మెయిలు రాసే పని గుమాస్తా కోతి కొమ్మయ్య మీద పడింది. బళ్లోకి రాకముందు కొమ్మయ్య శుభలేఖలు అచ్చువేసే కొట్లో పనిచేసేవాడు. అతనికి చేతనైన రాత అదొక్కటే. మొదటి మెయిలు ఇలా తయారైంది:

"శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. రాబోవు గురువారం ఉదయం పది గంటలకు వాగు ఒడ్డున భాగాహారం జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు గాన, తామెల్లరు బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి, మా చిన్నారులను ఆశీర్వదించి, మా ఆతిథ్యము స్వీకరింప ప్రార్థన. విందు: మధ్యాహ్నం పన్నెండు గంటలకు."

గంభీరయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "అది భాగహారమయ్యా కొమ్మయ్యా. దీర్ఘం తీసెయ్. అయినా ఈ విందేమిటి?"

"ఆ వరస తీసేస్తే కింద ఖాళీ వస్తుందండీ. చూడ్డానికి వెలితిగా ఉంటుంది" అన్నాడు కొమ్మయ్య. హెడ్మాస్టరుకి కూడా ఆ నిండుతనం నచ్చింది. దీర్ఘం సంగతి ఎవరికీ పట్టలేదు. "తల్లిదండ్రులకేనా? శ్రేయోభిలాషులకూ పంపు. అడవిలో ఫోనున్న ప్రతివారికీ అందాలి" అని ఆజ్ఞాపించాడు.

మెయిలు వెళ్లింది. దానికి ఎలుగుబంటి అందరికీ అందేలా తామరపువ్వు బొమ్మతో "శుభోదయం" అని జవాబిచ్చాడు. ఆయన పెట్టాక ఊరుకుంటే బాగుండదని మిగతావారూ తలా ఒక శుభోదయం పెట్టారు. భాగహారం ఆ పువ్వుల కింద ఎక్కడో పడిపోయింది. పందిపిల్లల తల్లికైతే కోపమే వచ్చింది.

"ఫోన్లో పడేస్తే సరిపోయిందా మాస్టారూ? ఇంటికొచ్చి ఒక్క మాట చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

అందుకని గంభీరయ్య సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, మెయిలు వచ్చిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత తిరిగినా "వస్తాను" అని నొక్కింది ఇద్దరే. ఒకరు వాళ్లమ్మ ఫోనులోంచి దూదమ్మ. రెండోవారు పేరు రాయలేదు, "మీ శ్రేయోభిలాషి, సపరివారం" అని మాత్రం రాశారు.

ఆ శ్రేయోభిలాషి తోడేలు కోరప్ప. పుట్టి బుద్ధెరిగాక కోరప్పను ఎవరూ దేనికీ పిలవలేదు. పెళ్లికి లేదు, పేరంటానికి లేదు. కడుపు నింపుకోవాలంటే పొదల చాటునుంచి దూకాల్సిందే. ఆ మెయిలు చదివి ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశావుటే, కార్యక్రమం పేరే భాగాహారం. తలా ఒక భాగం ఆహారం. పిలిచి మరీ పెడుతున్నారు" అన్నాడు భార్యతో.

గురువారం పది గంటలకు వాగు ఒడ్డున దూదమ్మ పలక పట్టుకుని కూర్చుంది. గంభీరయ్య సుద్దముక్క తీశాడు. అప్పుడే పొదలు తప్పించుకుని కోరప్ప, భార్య, పిల్లలు, బావమరుదులు, వాళ్ల పిల్లలు తలలు దువ్వుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. గంభీరయ్య చేతిలో సుద్దముక్క జారిపోయింది.

"నమస్కారం మాస్టారూ. ఆలస్యం కాలేదు కదా?" అని కోరప్ప దూదమ్మ వైపు చూసి, "ఇంతమందిమి వస్తామని రాశాం. ఒకటే ఉందేమిటి?" అన్నాడు.

పారిపోతే దొరికిపోతారు. అరిచినా వచ్చేవారు లేరు. మాస్టారికి తోచింది ఒక్కటే.

"విందు పన్నెండింటికి కదండీ. ముందు కార్యక్రమం కానివ్వండి. కూర్చోండి" అన్నాడు.

కోరప్ప నాలుక కరుచుకున్నాడు. "నిజమే, నిజమే. కూర్చోండ్రా" అన్నాడు. తోడేళ్లన్నీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాయి. మాస్టారు ఒక చేత్తో భాగహారం చెబుతూ, రెండో చేత్తో ఫోను తీసి క్యాలెండర్లో విందును వచ్చే గురువారానికి జరిపాడు. కోరప్ప ఫోను టింగుమంది.

"వాయిదానా?" కోరప్ప మొహం వాడిపోయింది. "ఇంత దూరం వచ్చాం, పోనీ ఆ పిల్లనైనా..."

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పిలిచినవాళ్లు వాయిదా వేస్తే ఎగబడి తింటామా? మన పరువేం కాను? పదండి, వచ్చే వారమే తిందాం."

వాళ్లు వెళ్లిపోయాక దూదమ్మ పలక చూపించింది. "శేషం ఒకటి వచ్చిందండీ" అంది. గంభీరయ్య ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ఏడ్చేశాడు.

బడికి పరుగెత్తి హెడ్మాస్టరుకు చెప్పబోతే, ఆయన రెక్క ఎత్తి ఆపాడు. "నోటిమాట చెల్లదని చెప్పాను. మెయిలు పెట్టండి." మాస్టారు పెట్టాడు. అది ఎలుగుబంటి శుభోదయాల కింద చేరింది.

అప్పట్నుంచి గంభీరయ్యకు పాఠం చెప్పే తీరిక లేదు. వారం వారం విందు వాయిదా వెయ్యడమే పని. ఒక్క వారం మరిచిపోతే ఆ పిల్ల ఏమవుతుందోనన్న బెంగతో ఆయనకు గడ్డి సయించేది కాదు. ఇక్కడ మయూరనాథానికి ఇంకో బెంగ పట్టుకుంది.

"మన అడవిలో క్యాలెండర్ని గౌరవించేది ఆ శ్రేయోభిలాషి ఒక్కరే. ఆయన కార్యక్రమాన్ని ఇన్నిసార్లు వాయిదా వేస్తారా? సిగ్గుగా లేదా మీకు?" అని మాస్టారి దగ్గర వాయిదా వేసే అధికారం లాగేసుకున్నాడు. "ఈ గురువారం నేనే స్వయంగా వెళ్లి ఆయన్ని సన్మానిస్తాను."

"వచ్చేది తోడేలండీ" అని గంభీరయ్య మొత్తుకున్నాడు.

"మెయిలు పెట్టండి" అన్నాడు మయూరనాథం.

మాస్టారు మళ్లీ మెయిలు పెట్టాడు. పెట్టి ఊరుకోక ఇల్లిల్లూ తిరిగి, గురువారం ఎవరూ వాగు వైపు పోవద్దని నోటితోనే చెప్పాడు. మిగతావాళ్లు ఎటూ పోయేవారు కారు. దూదమ్మే ఒప్పుకోలేదు.

"క్యాలెండర్లో ఉంది కదండీ మాస్టారూ. నేను వస్తానని నొక్కాను కూడా."

"ఉంటే ఉండనీ తల్లీ. నా మాట విని ఒక్కరోజు బడి ఎగ్గొట్టు" అని మాస్టారు చేతులు పట్టుకుని బతిమాలాడు. తన ఉద్యోగంలో ఆయన ఇలాంటి మాట అన్నది అదే మొదటిసారి. దూదమ్మ ముఖం చిన్నబుచ్చుకుని సరేనంది.

గురువారం మయూరనాథం వేళకు ముందే వాగు ఒడ్డుకు వెళ్లి, శాలువా పట్టుకుని, అతిథుల కోసం పురి విప్పి నిలబడ్డాడు. కోరప్ప సపరివారంగా వేళకు వచ్చాడు. ఈసారి ఎవరి ఫోనూ టింగుమనలేదు. విందు అనుకున్న సమయానికే జరిగింది. గంభీరయ్య పెట్టిన మెయిలు మాత్రం హెడ్మాస్టరు ఫోనులో తెరవకుండానే ఉండిపోయింది.

ఇందులోని నీతి: క్యాలెండర్ చూసి నడిచేవారికి క్రమశిక్షణ అబ్బుతుంది, చూడనివారికి ఆయుష్షు మిగులుతుంది.