చప్పుడు లేని కారు

"ఈ రోజు నుంచి నా కారు పొగ వదలదు. నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు వదలదు" అని కొల్లేరు సంరక్షణ కమిటీ చైర్మన్ నాగభూషణరావుగారు తాడేపల్లిగూడెం సభలో ప్రకటించారు. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, వెనక వరసలో కూర్చున్న నాకు ఆ తరవాతి మాటలు వినబడలేదు. మర్నాడు పేపర్లో చదువుకున్నాను. డీజిలు బళ్లకి స్వస్తి చెప్పి ఎలక్ట్రిక్ కారు కొన్నారట. ఇకమీదట కొల్లేటి గట్ల మీద తనిఖీలన్నీ అందులోనేనట. ఆ సభకి ఆయన తొమ్మిది డీజిలు బళ్లతో వచ్చారు. వాటికి వీడ్కోలు చెప్పడానికే అన్నిటినీ వెంటబెట్టుకొచ్చి ఉంటారనుకున్నాను. గొప్పవాళ్లకి యంత్రాల మీద కూడా దయ ఉంటుంది.

నేను ఏలూరులో ఒక చిన్న అమ్మవారి గుడి అర్చకుణ్ణి. పేరు రాఘవయ్య. చదువు పదో తరగతితో ఆగింది. కొత్త బండి కొన్నవాళ్లు పూజకి నన్ను పిలుస్తూ ఉంటారు. ఆ వారంలోనే చైర్మన్ గారి పి.ఏ. రాజకుమార్ ఫోన్ చేసి, గూడెంలో అయ్యగారింటికి రమ్మన్నాడు. బయల్దేరుతుంటే మా ఆవిడ వెంకటసుబ్బలక్ష్మి గుమ్మం దాకా వచ్చింది.

"ఎలాగూ వెళ్తున్నారు. వరమ్మ సంగతి ఆయన చెవిన వెయ్యండి" అంది.

వరమ్మది కొల్లేట్లో ఒక లంక ఊరు. దోనె వేసుకుని సరస్సులోకి వెళ్లి చేపలు పట్టుకుంటుంది. శుక్రవారం పూట మా అమ్మవారికి తామరపూలు తెచ్చిస్తుంది. ఎండాకాలం నుంచి పూలు లేవు. ఆ ఊరికీ సరస్సుకీ మధ్య ఉన్న కాలవకి అడ్డంగా ఎవరో చేపల చెరువు గట్టు వేసేశారు. దోనె ఇవతల ఉండిపోయింది, చేపలూ పూలూ అవతల ఉండిపోయాయి. అక్కడ చెరువులు తవ్వకూడదని బోర్డు కూడా ఉంది. వరమ్మ తొమ్మిది అర్జీలు పెట్టుకుంది. తొమ్మిదీ నేనే రాశాను. ప్రభుత్వం పలకలేదని నేను అనను. అర్జీకి ఒకటి చొప్పున తొమ్మిది తనిఖీలు జరిగాయి. అధికారులు వచ్చిన ప్రతిసారీ అక్కడ మట్టి తవ్వే పొక్లెయిన్ కనబడలేదు, పనివాళ్లు కనబడలేదు. గట్టు మీద అరటి పిలకలు మాత్రం కనబడ్డాయి. "పురాతనమైన గట్టు. ప్రశాంత వాతావరణం" అని రాసుకుని వెళ్లారు.

కారు తెల్లగా, కడిగిన పళ్లెంలా ఉంది. బానెట్ ఎత్తమన్నాను. ఇంజను ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఉంది. నలభై ఏళ్లుగా ఇంజనుకి బొట్టు పెట్టినవాణ్ణి, ఖాళీకి ఎలా పెట్టాలో తెలియలేదు. శూన్యం కూడా భగవంతుడి రూపమే కదా అని డబ్బా అంచుకి పసుపు రాసి కుంకం పెట్టాను. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. హారతి అయ్యాక ఇంజను స్టార్ట్ చేయించి, ఆ చప్పుడు విని అక్షింతలు వెయ్యడం మా నాన్నగారి కాలం నుంచి మా పద్ధతి. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.

"స్టార్ట్ చెయ్యండి" అన్నాను.

"ఎప్పుడో అయిందండీ పంతులుగారూ" అన్నాడు డ్రైవరు ఏసుకుమార్.

చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. ఈలోగా కారు కదిలి నిమ్మకాయల్నీ, రాజకుమార్ చెప్పునీ తొక్కేసింది. చెప్పులో కాలుంది. అతను కూడా చప్పుడు చెయ్యలేదు, అయ్యగారు పక్కనే ఉన్నారని.

చైర్మన్ గారు సంతోషించి అక్కడికక్కడే ఒక కమిటీ వేశారు. డీజిలు కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారు వల్ల లాభాలేమిటి, నష్టాలేమిటి అన్నది తేల్చాలి. అధ్యక్షుడు రాజకుమార్, సాంకేతిక సభ్యుడు ఏసుకుమార్, గృహస్థుల ప్రతినిధి నేను. నాకు కారు లేదని మనవి చేసుకున్నాను. "అందుకే మీరు నిష్పక్షపాతంగా ఉంటారు" అన్నారాయన. ఆ ధైర్యంతో వరమ్మ సంగతి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "పదో తనిఖీ మనం చేద్దాం. రేపే. ఈ కారులోనే. పేపరువాళ్లని కూడా రమ్మందాం" అన్నారు. ఆ క్షణంలో ఆయన్ని చూసి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

మర్నాడు పొద్దున్న పదింటికి బయల్దేరాం. ముందు సీట్లో చైర్మన్ గారు, వెనక రాజకుమార్, నేను, ఒక విలేకరి. మా వెనక ఆ తొమ్మిది డీజిలు బళ్లూ వచ్చాయి, కారు ఎక్కడైనా ఆగిపోతే సాయం చెయ్యడానికి. రాజకుమార్ ఎవరికో ఫోన్ చేసి "బయల్దేరామండీ" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. తనిఖీ మర్యాద అదేనట.

ఉంగుటూరు వచ్చేసరికి కారులో ఛార్జింగ్ అడుగంటింది. రాత్రి ప్లగ్గు పెట్టలేదా అని అడిగితే, ఆ ప్లగ్గుకి చైర్మన్ గారి ఇంటి ముందు "పొగ ఎరుగని నేత" అని వెలిగే బోర్డు తగిలించారని ఏసుకుమార్ చెప్పాడు. ఒక రైసు మిల్లులో కారు పెట్టాం. అక్కడ కరెంటు లేదు. మిల్లు యజమాని మర్యాదస్తుడు, జనరేటర్ వేయించాడు. నల్లటి పొగ కొబ్బరి చెట్ల దాకా లేచింది.

"ఇది ఏ పద్దులో రాయాలండీ, లాభమా నష్టమా?" అని రాజకుమార్ని అడిగాను.

"ఆ పొగ మిల్లుది. మనది కాదు" అన్నాడు.

రెండు గంటలు కూర్చున్నాం. డీజిలు అయితే అయిదు నిమిషాల్లో పోయించుకుని వెళ్లిపోయేవాళ్లమని ఏసుకుమార్ అన్నాడు. ఆ రెండు గంటల్లో నాలుగూళ్ల వాళ్లు వచ్చి చైర్మన్ గారికి దండలు వేశారు కాబట్టి, "ప్రజలతో మమేకం" అని లాభాల్లో రాశాం. తొమ్మిది బళ్లలోని కార్యకర్తలు ఆకలేసి భోజనాలకి వెళ్లిపోయారు. విలేకరి వాచీ చూసుకుంటుంటే చైర్మన్ గారు ఇక ఆగలేక, మన కారు ఒక్కటే పోనిమ్మన్నారు.

ఆ ప్రయాణం మాత్రం హాయి. పొగ లేదు, కుదుపు లేదు. కొల్లేటి గట్టెక్కితే కొంగలు రోడ్డు మీదే నిలబడి ఉన్నాయి, కారు పక్కకి వచ్చేదాకా లేవలేదు. డీజిలు బళ్లకి మైలు దూరంలోనే లేచిపోయేవట. వంతెన దాటాం. వరమ్మ చెప్పిన గట్టు దగ్గరికి వచ్చి ఆగాం.

పొక్లెయిన్ పనిచేస్తోంది. ఆపరేటరు సీమోను బకెట్టుతో మట్టి ఎత్తి గట్టు మీద పోస్తున్నాడు. వెనక ఇద్దరు మనుషులు అరటి పిలకలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గొడుగు కింద కుర్చీలో, మాకు వీపు పెట్టి, ఒకాయన కొబ్బరిబోండం తాగుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. చైర్మన్ గారి బావమరిది జగ్గారావుగారు.

"కంగారెందుకయ్యా. మా బావ బళ్లు వంతెన ఎక్కితే ఇక్కడిదాకా వినబడుతుంది. అప్పుడు ఆపుదాం" అంటున్నారు.

వాళ్ల బావగారు కుర్చీకి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. విలేకరి సెల్‌ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. దోనె పక్కన కూర్చున్న వరమ్మ కొంగు సర్దుకుని లేచి వచ్చింది.

"ఆయ్, ఇదేనండీ ఆ గట్టు. ఇప్పుడు కనబడిందాండీ?" అంది మర్యాదగా.

చైర్మన్ గారు విలేకరి ఫోన్ వైపు చూశారు, గట్టు వైపు చూశారు, బావమరిది వైపు చూడలేదు. "గండి కొట్టండి. ఇప్పుడే. నా కళ్ల ముందు" అన్నారు. సీమోను ఎవరి మాట వినాలో తెలియక కాసేపు బకెట్టు గాలిలో ఉంచి, తరవాత గట్టు మధ్యలో దించాడు. దోనె పట్టేంత గండి పడింది. నీళ్లు పారాయి. ఆ శుక్రవారం మా అమ్మవారికి పదకొండు తామరపూలు వచ్చాయి. మా ఆవిడ ఎలక్ట్రిక్ కారుకి కూడా ఒక దణ్ణం పెట్టింది.

మా కమిటీ రిపోర్టు వారానికి తయారైంది. లాభాల పేజీ నిండిపోయింది: స్వచ్ఛత, హాయి, ప్రజలతో మమేకం. నష్టాల పేజీలో ఒక్కటే ఉంది. "వాహనం రాక గురించి ప్రజలకు ముందస్తు సమాచారం అందకపోవడం. దీనివల్ల ప్రమాదాలు జరిగే అవకాశం." గట్ల మీద పిల్లలు, గేదెలు తిరుగుతూ ఉంటాయి కదా అని రాజకుమార్ వివరించాడు. నాకు సబబుగానే తోచింది. సంతకం పెట్టాను.

ప్రజల భద్రత కోసం కారుకి చప్పుడు అమర్చారు. పాత డీజిలు బండి చప్పుడు రికార్డు చేసి, నేను బొట్టు పెట్టిన ఆ ఖాళీ డబ్బాలో పెద్ద స్పీకరు బిగించారు. ఏసుకుమార్ వంతెన దగ్గర మీట నొక్కితే, ఒక కారు తొమ్మిది కార్లలా మోగుతుంది. కొంగలు మళ్లీ మైలు దూరంలోనే లేస్తున్నాయట.

జగ్గారావుగారు కూడా మారిపోయారు. ఆ సంఘటన తరవాత ఆయనకి పర్యావరణం మీద మనసు మళ్లిందట. డీజిలు పొక్లెయిన్ తీసేసి ఎలక్ట్రిక్ పొక్లెయిన్ తెప్పించారు. చైర్మన్ గారు ఆయనకి "హరిత రైతు" బిరుదు ప్రకటించారు. సన్మానం, కొత్త యంత్రానికి పూజ, రెండూ ఆ గట్టు మీదే. పూజకి నన్నే పిలిచారు. తామరపూలుంటే శ్రేష్ఠమని నేనే వరమ్మకి కబురు పెట్టాను. ఆమె తెల్లవారుతూనే గండిలోంచి దోనె వేసుకుని సరస్సులోకి వెళ్లింది.

యంత్రం గండి వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. పూజ వెనకవైపు చెయ్యమన్నారు. మామూలుగా పావుగంటలో ముగిస్తాను. చైర్మన్ గారు వచ్చి, ఇంత మంచి పనికి సహస్రనామం చదవకపోతే ఎలా అన్నారు. ఆయన భక్తికి సంతోషించాను. మంగళవాద్యాలు లేవు కాబట్టి కారు చప్పుడే పెట్టి ఉంచమన్నారు. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. కళ్లు మూసుకుని వెయ్యి నామాలూ చదివాను. మధ్యలో ఎక్కడో ఎవరో నన్ను పిలిచినట్టు అనిపించింది. నామాలు చదువుతూ మధ్యలో కళ్లు తెరవకూడదు.

హారతి ఇచ్చాను. ఏసుకుమార్ మీట ఆపాడు. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.

"స్టార్ట్ చెయ్యి నాయనా" అన్నాను.

"ఎప్పుడో అయిందండీ పంతులుగారూ" అన్నాడు సీమోను.

ముందువైపుకి నడిచి చూశాను. గండి లేదు. కొత్త మట్టి మీద ఇద్దరు మనుషులు అరటి పిలకలు నాటుతున్నారు. గట్టుకి అవతల, దోనె నిండా తామరపూలతో వరమ్మ నిలబడి ఉంది.

"నేనెలా వచ్చేదండీ?" అంది.

"పూలు అక్కణ్ణించే విసరమనండి" అన్నారు చైర్మన్ గారు. రాజకుమార్ పుస్తకం తెరిచి "ప్రశాంత వాతావరణం" అని రాసి, కింద సంతకానికి నా ముందు పెట్టాడు.

నా గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. ఎటు వెయ్యాలో నాకు తోచలేదు.