ముప్పై అడుగుల జింకకు మూడు మైళ్ల అద్దం

దగ్గరి జింకను కొట్టాలంటే దూరపు అద్దమే కొనాలి!

తుపాకీ పట్టడం తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. చిక్కటి అడవిలో జింక పొదచాటు నుంచి ముప్పై అడుగుల్లో ఎదురవుతుందని, అక్కడికి తుపాకీ మీద బిగించే చిన్న స్కోప్ చాలని, అద్దంలో ఎర్రచుక్క ఒకటి వెలిగితే అదే పదివేలని వాళ్ల వాదన. రెండు కళ్లూ తెరుచుకునే గురి చూడొచ్చట. అందులో నిజముంది. అయితే మాత్రం? నిజమున్న ప్రతి వస్తువునూ మనం కొనుక్కుంటున్నామా?

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒమాన్‌లో ఖబూరా వెళ్లి బాషాను అడగండి.

బాషాది రాయచోటి దగ్గర ఒక పల్లె. ఖబూరాలో హమూద్ గారి ఖర్జూరం తోటకు నీళ్లు పెట్టడం, మేకలను చూసుకోవడం అతని డ్యూటీ. హమూద్ గారిని అందరూ అర్బాబ్ అంటారు, అంటే యజమాని. చాలా మంచివాడు. జీతం ఆపడు, నోరు పారేసుకోడు, పండక్కి బట్టలు పెడతాడు. ఆయన బావమరిది ఏదో చలిదేశంలో ఉంటాడు. 2008 రంజాన్ నెలలో ఆ బావమరిది, పండగ కాగానే జింకల వేటకు రమ్మని కబురు పెట్టాడు. ఒమాన్‌లో జింక జోలికి పోతే జైలే గానీ అక్కడ లైసెన్సు ఉంటే చాలట. తుపాకీ కూడా వాళ్లే ఇస్తారట. స్కోప్ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలట.

అర్బాబ్ మస్కట్ వెళ్లి మూడు పెట్టెలు తెచ్చాడు. చూసుకుని ఒకటి ఉంచుకోమన్నాడు షాపువాడు. మరి చూడటానికి జింక కావాలి కదా? మేకలు ఒకచోట నిలబడవు. బాషా నిలబడతాడు.

ఎంతసేపైనా నిలబడతాడు! తలకు రెండు ఈతమట్టలు కొమ్ముల్లా కట్టుకుని, ఉపవాసపు నోటితో, సాయంత్రం ఎండలో నిలబడ్డాడు. ఏమడిగినా "జేన్" అన్నాడు. జేన్ అంటే బాగుంది. గల్ఫ్‌లో దిగిన మొదటిరోజు పాతకాపులు కొత్తవాళ్లకు నేర్పే మాట అది. ఎండ ఎలా ఉంది? జేన్. మిగిలిపోయిన కూర ఎలా ఉంది? జేన్. కాలికి ముల్లు గుచ్చుకుని రక్తం కారుతుంటే ఏమైంది అని అడిగినా జేన్. కడుపులో ఏమున్నా నోట్లో మాత్రం అదే.

అతని కడుపులో ఉన్నది హసీనా. హసీనా అతని భార్య. ఆమె కూడా ఒమాన్‌లోనే ఉంది, సలాలాలో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. ఈ కొసన ఖబూరా, ఆ కొసన సలాలా. ఇద్దరూ ఒకే దేశం ఎండలో మాడుతున్నారు గానీ రెండేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పండగ వారంలోనే ఆమె కాంట్రాక్టు అయిపోతుంది, ఊరికి వెళ్లిపోతుంది. పండగ రెండోరోజు మాత్రం సెలవిస్తానని ఆమె మేడమ్ ఒప్పుకుంది. బాషాకు రెండు రోజులు దొరికితే బస్సెక్కి పోయి రావచ్చు. "వస్తా" అని ఫోన్‌లో మాటిచ్చేశాడు కూడా. అర్బాబ్‌ను అడగడమే మిగిలింది.

"నోరు తెరిచి అడగరాదా బాషా? అడగందే అమ్మైనా పెట్టదు," అన్నాడు వీరబ్రహ్మం. అతను అర్బాబ్ కారు డ్రైవరు, మైదుకూరువాడు.

"అడుగుతా బ్రహ్మమన్నా. ఆయప్ప మనసు కుదురుగా ఉన్నెప్పుడు అడగల్ల. ఈ అద్దం సంగతి తేలిపోనీ."

"తేలేదానికేముంది? చిన్నదే బాగుండాదని చెప్పేయ్. ఈ దినంతో అయిపోతాది."

"అంత పెద్దమనిషికి చిన్నది చెప్తే చిన్నబుచ్చుకోడా అన్నా? పెద్దదే చెప్పల్ల. సంతోషంగా ఉన్నెప్పుడు సెలవు అడిగితే కాదనడు."

చూశారా తెలివి! నూరేళ్లుగా మనవాళ్లు యజమానుల దగ్గర పనులు చక్కబెట్టుకుంటున్నది ఈ తెలివితోనే. ఎంత చక్కబడుతున్నాయో మీకూ తెలుసు.

మొదటి పెట్టెలో ఎర్రచుక్క అద్దం. అర్బాబ్ దాన్ని కంటి ముందు పెట్టీ పెట్టగానే బాషా కొమ్ములతో సహా దొరికిపోయాడు. రెండోది వేలెడంత స్కోప్. అందులోనూ దొరికాడు. ఇంత సులువుగా దొరికితే వేటేముంది, వినోదమేముంది? మూడోది మేకపోతు తొడంత ఉంది. మూడు మైళ్ల అవతల గుర్రం మీద ఈగ వాలినా చూపిస్తుందని షాపువాడు చెప్పాడట.

"ఇదెలా ఉంది?" అన్నాడు అర్బాబ్. ఆయన సగం అరబ్బీలో, సగం హిందీలో అన్న మాటలను తెలుగు చేసి చెబుతున్నాను.

"జేన్ అర్బాబ్! అన్నిటికన్నా ఇదే జేన్!"

చిన్న పెట్టెలు రెండూ మస్కట్‌కు తిరిగి వెళ్లిపోయాయి. మర్నాటి నుంచి సాధన మొదలైంది. బాషా ముప్పై అడుగుల్లో నిలబడ్డాడు.

"బాషా, ఎక్కడున్నావు?"

"ఈడనే అర్బాబ్, మీ ఎదురుగానే."

"కదలకు!"

"కదల్లేదు అర్బాబ్."

"మరి నాకు గుండీ ఒకటి కనబడుతోంది. నువ్వు కనబడటం లేదు!"

ఇప్పుడు చెప్పండి, ఎంత గొప్ప వస్తువు! జింక ఎదురుగా నిలబడి ఆకులు మేస్తుంటుంది, వేటగాడు దాని వీపు మీది ఒక్క వెంట్రుకను పట్టుకుని మిగతా జింక కోసం వెతుకుతుంటాడు. జింక బతికిపోతుంది. తూటా మిగులుతుంది. ఎదురుగా ఉన్న ప్రాణిని చూడలేకపోయినందుకు వేటగాడిని ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే అతని దగ్గర అందరికన్నా ఖరీదైన అద్దం ఉంది! పెద్ద పెద్ద ఆఫీసుల్లో, కంపెనీల్లో ఈ అద్దాలే పెట్టుకుంటారని నా అనుమానం.

సాధన సాగుతూనే ఉంది. నెలాఖరుకు బాషా మొహం పీక్కుపోయింది. అర్బాబ్ మొహంలో సంతోషం జాడే లేదు, కాబట్టి సెలవు అడిగే సమయమూ రాలేదు. అటు హసీనా కొత్త చీర కొనుక్కున్నానని, అతనికి ఇష్టమని కజ్జికాయలు చేసిపెట్టానని ఫోన్ చేసింది. బాషా అవతలికి పోయి కళ్లు తుడుచుకున్నాడు.

చివరికి నెలవంక చూసే సాయంత్రం వచ్చింది. అర్బాబ్ స్కోప్ పట్టుకుని మిద్దెక్కాడు. మొత్తం ఖబూరాలో నెలవంకను ముందు పట్టుకున్నది ఆయనే! ఆనందం పట్టలేక బాషాను కౌగిలించుకున్నాడు. "రేపే పండగ! అడుగు బాషా, నీకేం కావాలో అడుగు!"

బాషా నోట్లోకి జేన్ రానే వచ్చింది. దాన్ని మింగాడు. హసీనా సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

అర్బాబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం కాదు, నిజంగానే తిరిగాయి. "నీ భార్య ఈ దేశంలోనే ఉందా? రెండేళ్లుగా నా ఎదుటే తిరుగుతూ ఒక్క మాటైనా చెప్పలేదే! తప్పకుండా వెళ్లు. నేను వేట నుంచి రాగానే వెళ్లు. ఎల్లుండే నా ప్రయాణం, నేను తిరిగొచ్చేదాకా మేకలను ఎవరు చూస్తారు?"

"అప్పటికి ఆమె ఊరికి పోతుంది అర్బాబ్."

అర్బాబ్ చాలాసేపు ఆలోచించాడు. ఆ మంచిమనిషికి చటుక్కున ఉపాయం తట్టింది. స్కోప్ తెచ్చి బాషా చేతిలో పెట్టాడు.

"సలాలా అటువైపు. చూసుకో. ఈ దేశంలో ఇంతకన్నా పెద్దది లేదట. మొహమాటపడకు, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో!"

బాషా కంటికి పెట్టుకున్నాడు. కొండలు కనబడ్డాయి. దూరపు కొండలు నునుపంటారు గానీ ఈ అద్దంలో వాటి ప్రతి రాయీ ప్రతి బీటా కనబడింది. వాటి వెనక ఇంకేమీ లేదు.

"కనబడిందా?" అన్నాడు అర్బాబ్ ఆత్రంగా.

"లేదు అర్బాబ్," అన్నాడు బాషా. ఆ ఇంట్లో అతను "లేదు" అనడం అదే మొదలు.

అర్బాబ్ మొహం ఎర్రబడింది. "మోసం! ఆ షాపువాడు మనల్ని మోసం చేశాడు బాషా! నువ్వు దిగులుపడకు. వేట నుంచి వచ్చాక మస్కట్ వెళ్లి ఇంతకన్నా పెద్దది తెస్తాను!"

రాలేనని హసీనాకు ఫోన్ చేయడానికి బాషాకు ధైర్యం చాలలేదు. పండగ రెండోరోజు ఆమె కొత్త చీర కట్టుకుని, కజ్జికాయల డబ్బా పట్టుకుని సలాలాలో మస్కట్ నుంచి వచ్చే బస్సులు ఆగేచోట నిలబడింది. ఒక బస్సు ఖాళీ అయింది, తర్వాత ఇంకొకటి. బాషా రాలేదని చూసుకోవడానికి ఆమెకు మాత్రం ఏ అద్దమూ అవసరం లేకపోయింది.